మాస్టారి కుడి మోచెయ్యి

మొన్న ఉదయం ఏలూరు నుంచి ఫోను వచ్చింది, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పిన మాస్టారు పోయారని. వరికోత మధ్యలో వదిలేసి కలిదిండి నుంచి బయల్దేరాను. ఆయన దగ్గర నేను చదువుకోలేదు. ఆయన్ని నేను కొట్టాను.

ఆ వేసవిలో మా బోరు నీళ్ళు ఉప్పెక్కాయి. పశువులు మూతి పెట్టడం మానేశాయి. మా అమ్మాయికి ఒళ్ళంతా దద్దుర్లు. ఎవరో ఏదో కలుపుతున్నారని నేను మండిపోతున్నాను. సరిగ్గా అప్పుడే మా గట్టు మీద ఓ పెద్దమనిషి ఇనుప మేకులు దిగ్గొట్టి, తీగలతో ఓ యంత్రానికి తగిలించి, వాటి మొదట్లో క్యాను వంచి నీళ్ళు పోస్తూ కనిపించాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు!

ఇంకేమీ అడగలేదు. చేతిలోని పార తిరగేసి కర్రతో కొట్టాను. మోచెయ్యి విరిగిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. పక్క పొలాలవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆయన్ని మొహం మీద గుద్దారు, ఆయన యంత్రాన్ని పంటబోదెలోకి తన్నారు.

"పొడినేలలో కరెంటు పారదండీ, అందుకే ఆ కాసిని ఉప్పునీళ్ళు," అన్నారు నెత్తురు ఉమ్ముతూ. "మీ బోరుకి ఉప్పు ఎటునుంచి వస్తోందో చూద్దామనే వచ్చానండీ."

పార పారేసి ఆయన్ని లేవదీశాను. ఆకివీడు ఆసుపత్రిలో ఆయన గట్టు మీద జారిపడ్డానని చెప్పారు. నాతో మాత్రం, "మీ కోపం సబబేనండీ, మనిషినే పొరబడ్డారు. అమ్మాయికి ఆ నీళ్ళు పట్టకండి," అన్నారు.

చేతికట్టుతోనే మళ్ళీ వచ్చారు. ఈసారి మేకులు నేను కొట్టాను. మా చేను అవతల ఉప్పునీళ్ళు నింపిన రొయ్యల చెరువు దగ్గరికి వచ్చేసరికి దాని యజమాని మనుషులు కర్రలతో మీదపడ్డారు. నా వీపు చిట్లింది. మాస్టారు ఎడంచేత్తో అంకెలు రాసుకుంటూ, "దెబ్బల సంగతి తర్వాత చూసుకుందామండీ, ముందు ఆ తీగ వదలకండి!" అని అరిచారు. వదల్లేదు.

భూమిలో కరెంటు తేలిగ్గా పారిన చోటల్లా ఉప్పునీరని పటంలో ఎర్రరంగు వేశారు. ఆ ఎరుపు చెరువు కింద మొదలై, మా చేను దాటి, బోరు దాకా పాకింది. ఆ పటం పట్టుకుని ఊరంతా ఆఫీసుల చుట్టూ తిరిగితే చివరికి చెరువు ఎండగట్టించారు. మెల్లగా బోరు నీళ్ళలో ఉప్పు తగ్గింది, అమ్మాయి ఒళ్ళు నెమ్మదించింది.

తర్వాత ఎప్పుడొచ్చినా, "కాఫీ తర్వాతండీ, ముందు మంచినీళ్ళు," అనేవారు. ఓ గుక్క నోట్లో తిప్పి, మా అమ్మాయి వైపు చూసి తలూపేవారు.

పాడె మీద పడుకోబెడితే కుడిచెయ్యి ఒంటికి ఆనలేదు. "గట్టు మీద జారిపడ్డప్పట్నుంచీ అది చాచలేరండీ," అన్నారు ఆయన భార్య. అమ్మగారూ, మాస్టారు జారిపడలేదు. అక్కడ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

తాడు కట్టేవాళ్ళు ఆ చేతిని నొక్కబోతే, నొక్కకండని అరిచాను. అలాగే మోసుకెళ్ళాం. పాడెకి కుడివైపు నేను భుజం పట్టాను. దారి పొడుగునా ఆ మోచెయ్యి నా చెంపకి తగులుతూనే ఉంది.