సందు మేస్త్రి సందు వదలని తలుపు

సందు మేస్త్రిని అసలు పేరుతో వాళ్ళావిడ కూడా పిలవదు. వడ్రంగి పనిలో ముప్పై ఏళ్ళుగా తలుపులే బిగిస్తున్నాడు. బిగించిన ప్రతి తలుపుకీ ఒక పరీక్ష పెడతాడు. ఉప్పుకాగితం ముక్కని రెండు మడతలు పెట్టి, తలుపుకీ గుమ్మానికీ మధ్య చుట్టూ తిప్పుతాడు. కాగితం ఇరుక్కోకూడదు, జారి పడకూడదు.

"చెక్క కూడా మనలాంటిదేనండీ. తడిసినా ఉబ్బుతుంది, పొగిడినా ఉబ్బుతుంది. కాస్త చోటు వదలాలి" అన్నాడు నాతో.

ఆ సంవత్సరం ఒక పెద్ద హాస్టలు కడుతున్నారు. అరవై తలుపులు. పని చివరికొచ్చేసరికి సూపర్‌వైజర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. మేస్త్రి మోకాళ్ళు అప్పటికే రెండు చేతుల సాయం లేందే లేవడం మానేశాయి. తలుపు అడుగున చిత్రిక పట్టాలంటే నేల మీద కూలబడాలి. లేచేటప్పుడు పైన దేవుడు, పక్కన గోడ, ఇద్దరూ కావాలి. ఈ ఉద్యోగమొస్తే నిలబడి పని చేయించుకోవచ్చు. రాకపోతే ఇంకో ఏడాదికి ఉలి మూలన పెట్టెయ్యాలి.

చిక్కల్లా ఎక్కడంటే, ఇంటర్వ్యూ చేసే ఇంజనీరమ్మ సందుని సందు అంటే ఒప్పుకోదు. "ఏ సందు? క్రాకా, గ్యాపా, స్లాటా? సరిగ్గా చెప్పండి" అంటుంది. అంచేత మేస్త్రి వారం రోజులు ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టాడు. కుట్టుమిషను తొక్కుతూ వాళ్ళావిడ అప్పజెప్పించుకుంది.

"క్రాక్ అంటే?"

"తనంతట తను వచ్చింది."

"స్లాట్?"

"మనం కోసింది. మనం వదిలింది గ్యాప్. ఎలక చేసింది హోల్. నీళ్ళు కనిపెట్టింది లీక్."

"మరి వేకెన్సీ?"

"కుర్చీలో సందు. బ్రేక్ అంటే పనిలో సందు. లూప్‌హోల్ అంటే కాంట్రాక్టరు రాసిన కాగితంలో సందు."

"బావుందయ్యా! కాలికి నెర్ర, గోడకి బీట, చెట్టుకి తొర్ర, సూదికి బెజ్జం, కుండకి చిల్లి. ఇంట్లో ఇన్ని పెట్టుకుని పొరుగింటికెళ్ళి అడుక్కోవడమెందుకు?"

"ఉద్యోగం పొరుగింట్లో ఉందే!"

"సరేగాని, నువ్వు చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఉండేదాన్ని ఏమంటారు?"

"అదీ గ్యాపే" అని ఒప్పుకున్నాడు మేస్త్రి.

ఆ ఉద్యోగానికి ఇంకొకడు కూడా వచ్చాడు. ఎవరో కాదు, స్వయానా తోడల్లుడు, వాళ్ళావిడ చెల్లెలి మొగుడు. అతనూ వడ్రంగే. చేతికన్నా నోరు ముందు నడుస్తుంది. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరికి కూడా సందు ఇవ్వడు.

అతన్ని ఓడించాలని మేస్త్రి ఒక పని చేశాడు. ఆ హాస్టల్లోనే ఇంటర్వ్యూ జరగబోయే ఆఫీసు గదికి కొత్త తలుపు బిగించాల్సి వచ్చింది. ఇంజనీరమ్మ చూడగానే ముక్కున వేలేసుకోవాలనుకున్నాడు. ఉప్పుకాగితం జేబులోంచి తీయనే లేదు. వెలుతురు చార కూడా కనపడకుండా బిగించేశాడు. "చీమ లోపలికెళ్ళాలన్నా నన్నడిగి వెళ్ళాలి" అని మురిసిపోయాడు. రంగు ఆరాలని ఆ తలుపుని ఇటుక అడ్డంపెట్టి తెరిచే ఉంచారు. తర్వాత రెండు రోజులు ఎడతెగని వాన.

ఇంటర్వ్యూ రోజున ముందు తోడల్లుణ్ణి పిలిచారు. ఇస్త్రీ చొక్కాతో లోపలికెళ్ళి, మర్యాద కోసం ఇటుక పక్కకి జరిపి, తలుపుని శక్తి కొద్దీ వేశాడు. ధన్ మంది. అంతే. పావుగంట తర్వాత బయటికి రాబోతే తలుపు రానంది. లోపల్నించి ఇద్దరూ లాగారు. బయట్నుంచి నలుగురు పనివాళ్ళు భుజాలు పెట్టి తోశారు. మేస్త్రి చేసిన తలుపు కదా, భుజాలే నొప్పెట్టాయి.

"ఇది ఎవరు బిగించారు?" అని లోపల్నించి ఇంజనీరమ్మ గొంతు.

"మా అన్నయ్యేనండీ! నేనైతే ఇలా చేసేవాణ్ణి కాదండీ!" తోడల్లుడు బయటి వరండా అంతా వినపడేలా చెప్పాడు.

మేస్త్రి తలుపు దగ్గరికొచ్చాడు. తప్పు వాన మీద నెట్టెయ్యొచ్చు, రంగు మీద నెట్టెయ్యొచ్చు. తాళం బెజ్జం దగ్గర నోరు పెట్టి, "నేనేనమ్మా" అన్నాడు.

"అయితే రిపోర్టివ్వండి. గ్యాప్?"

"లేదమ్మా."

"క్రాక్?"

"లేదమ్మా."

"ఇంకేముంది మరి?"

"హోల్ ఒకటుందమ్మా, తాళానిది. ఇప్పుడు మాట్లాడుతున్నది అందులోంచే."

లోపల నవ్వు వినపడింది. తోడల్లుడిది మాత్రం కాదు.

తలుపు లోపలికి తెరుచుకునేది కాబట్టి మడతబందులు లోపలివైపున్నాయి. వాటి సీలలు తీస్తే తలుపు ఊడి వస్తుంది. మేస్త్రి స్టూలు తెప్పించి, ఒకణ్ణి ఎక్కించి, ఉలినీ సుత్తినీ తాడుకి కట్టి, తలుపు పైనున్న వెంటిలేటర్‌లోంచి లోపలికి దింపించాడు.

"తమ్ముడూ, కింది బందు సీల ముందు. ఉలి కింద పెట్టి పైకి కొట్టు."

"ఎటువైపన్నయ్యా?"

"పైకిరా! ఆకాశం వైపు!"

రెండు దెబ్బలకే తోడల్లుడు బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. అతనికి మాటలు ఆగడం అదే మొదటిసారని పనివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజనీరమ్మే సుత్తి అందుకుని మూడు సీలలూ లేపింది. ఉలితో ఎత్తితే తలుపు కదిలింది. బయటివాళ్ళు తోస్తే లోపలివాళ్ళు పట్టుకుని గోడకి చేరేశారు.

గుమ్మం ఖాళీగా ఉంది. చెమటలు కక్కుతూ ఇంజనీరమ్మ ఇటుపక్క, మేస్త్రి అటుపక్క.

"చోటు వదలాలని తెలీదా?"

"తెలుసమ్మా. మీరు మెచ్చుకోవాలని వదల్లేదు."

"మిగతా తలుపులన్నీ ఇలాగే బిగించారా?"

"లేదమ్మా, ఇదొక్కటే. అవి బిగించినప్పుడు మీరు చూస్తారని తెలీదు."

ఆమె వరండా వెంట నడిచింది. అదే వానలో తడిసిన తలుపులు వరసగా పన్నెండు. ఒక్కోదాన్నీ ఒక్క వేలితో తోసింది, ఒక్క వేలితో లాగింది. ఒక్కటీ కిర్రుమనలేదు. పై అంతస్తుకి కూడా వెళ్ళొచ్చింది. అంతసేపూ మేస్త్రి గోడ పట్టుకుని నిలబడే ఉన్నాడు. కూర్చుంటే లేవలేనని భయం.

తిరిగొచ్చి ఆమె అంది: "రేపట్నుంచి మీరు బిగించొద్దు. బిగించేవాళ్ళని చూడండి. ఎనిమిదింటికి రండి."

"అమ్మా, మరి ఇంటర్వ్యూ?"

"ఇంకా చెయ్యాలా?"

"వారం రోజులు బట్టీ పట్టానమ్మా. కనీసం వేకెన్సీ అయినా అడగండి."

"అది నిండిపోయింది" అంది ఇంజనీరమ్మ.

ఆ సాయంత్రమే ఆ తలుపుకి చిత్రిక పట్టారు. మేస్త్రి నిలబడి చూపించాడు. నేల మీద కూర్చుని, వాచిన బొటనవేలితో పట్టింది తోడల్లుడు. "అన్నయ్యా, ఇంకా ఎంత తీయాలి?" అని నిమిషానికోసారి అడుగుతూనే ఉన్నాడు.