భివండిలో హీటర్ బాగుచేసిన మా బావ

మా బావ పోయారన్న సంగతి నాకు చర్చి మెట్ల మీద తెలిసింది. శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసి, చెప్పులు వేసుకుంటూ ఫోన్ తీసి చూస్తే అక్క నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే వాళ్ల పక్కింటామె ఎత్తింది. "వదినా, మీ బావ కారు కాడనే కూలబడ్డడు. దవాఖానకు తీస్కపోయేలోపల్నే అయిపోయింది" అంది. లోపల ఇంకా ఆఖరి పాట పాడుతున్నారు. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆ రోజు బావ నన్ను రమ్మన్నారు. నేను వెళ్లలేదు.

ఆయన మా అక్క భర్త. భివండి కామత్‌ఘర్‌లో ముప్పై ఏళ్లకు పైగా పవర్లూమ్ మగ్గాలు బాగుచేసిన మేస్త్రీ. నేను పెళ్లయి తెలంగాణ నుంచి ఈ ఊరికి వచ్చిన రోజు కళ్యాణ్ స్టేషన్‌లో నా ట్రంకుపెట్టె మోసింది ఆయనే. "ఇంత బరువేంది మరదలా, మీ ఊరి రాళ్లు గూడ తెచ్చుకున్నవా?" అని నవ్వించారు. చెడిన మగ్గం దగ్గరికి వస్తే ముందు పానా పట్టేవారు కాదు. చెక్క మీద చెయ్యి పెట్టి కాసేపు ఊరకే నిలబడేవారు. చేతుల గ్రీజు వదలడానికి, అక్క బజ్జీలకని దాచిన శనగపిండి రుద్దుకునేవారు. డబ్బా సగమైతే ఎలుకల మీద పెట్టేవారు.

మూడేళ్ల కిందట అక్కకు కిడ్నీలు చెడిపోయాయి. మంగళ, గురు, శనివారాలు ఠాణేలో డయాలసిస్. వాళ్లకు పిల్లలు లేరు. తీసుకుపోవడం, తీసుకురావడం అంతా బావే. మెషిన్ మీంచి లేచాక అక్కకు చలి పట్టుకుంటుంది. మేలో ఊరంతా చెమటలు కారుస్తుంటే ఆమె పళ్లు కొట్టుకుంటాయి. ఆటోలో, ఆ కంటైనర్ లారీల మధ్య, రెండువైపులా గాలి. నేను తోడు వెళ్లిన రోజు కొంగు అడ్డం పెట్టేదాన్ని.

అదే ఏడాది బావ పనిచేసే షెడ్డు మూతపడింది. మగ్గాలను భంగారుకు, పాత ఇనుము కింద, తూకం వేస్తున్నారు. షెడ్డు మూలలో సేఠ్ గారి పాత తెల్ల కారు ఉండేది, గుండ్రటి దీపాలది, నలభై ఏళ్లనాటిది. దాన్నీ తూకానికి ఎత్తబోతే బావ అడిగి తెచ్చుకున్నారు. "మగ్గాలను ఆపలేకపోయిన. దీన్నన్న ఆపుత" అన్నారు. దానికి హీటర్ ఉందని తెలిసినప్పుడు ఆయన ముఖం చూడాలి.

ఆ హీటర్ సంగతి నాకు ఆయనే చెప్పారు. ఇంజన్‌లో కాగిన నీళ్లు రెండు పైపుల గుండా డ్యాష్‌బోర్డు కిందున్న చిన్న రేడియేటర్‌లోకి వచ్చి పోతాయి. చిన్న ఫ్యాను దాని మీదుగా గాలిని కాళ్ల మీదికి కొడుతుంది. అక్క ఆ వెచ్చదనానికి కాళ్లు చాపి, ఇంటికి వచ్చేదాకా నిద్రపోయేది. రెండేళ్లు అలా గడిచాయి.

ఒక శనివారం ఆ రేడియేటర్ చిల్లుపడింది. అద్దం లోపల ఆవిరి, తుప్పునీళ్ల వాసన, అక్క పాదం మీద సలసల కాగిన నీళ్లు. పాదం బొబ్బలెక్కింది. మరునాడు చాయ్ దుకాణం దగ్గర మెకానిక్కులు ఒకటే మాట: రెండు పైపులూ కలిపేయ్, నీళ్లు లోపలికి రావు, పని ఖతం. "భివండిల హీటర్ ఏంది మేస్త్రీ? కిటికీ తెరిస్తే ఫ్రీగ వస్తది" అని నవ్వారు.

"నీకు ఫ్రీగ వచ్చేది నువ్వే ఉంచుకో భయ్యా. మా ఇంటామెకు చలి పెడుతది" అన్నారు బావ.

అయినా వేరే దారిలేక పైపులు కలిపేశారు. ఒక నెల అక్క చలిలోనే వచ్చింది. ఆ నెలంతా బావ సరిగా అన్నం తినలేదు. "కలిపేసుడు రిపేరు కాదు మరదలా, దాచిపెట్టుడు" అనేవారు. కుర్లా భంగారు బజారులో వెతికి వెతికి అలాంటి పాత రేడియేటర్ ఒకటి తెచ్చారు. చిల్లులకు సోల్డర్ పెట్టి, గాలి ఊదుతూ నీళ్ల టబ్బులో ముంచారు. నేను పక్కనే ఉన్నాను.

"దీనికి బాప్తిస్మం ఇస్తున్న. బుడగ వచ్చిందంటె లోపల ఇంక పాపం ఉన్నట్టు."

"అట్లంటి మాటలు అనకు బావా" అన్నాను గాని నవ్వాపుకోలేకపోయాను. నాలుగోసారికి బుడగ రాలేదు.

డ్యాష్‌బోర్డు కింద అంతా విప్పి, ఊడిన స్క్రూలను వరసలో ఇడ్లీ పళ్లెం గుంటల్లో పెట్టుకున్నారు. ఏ గుంటలోది ఎక్కడిదో ఆయనకే తెలుసు. లోపల, వెనకవైపు పైపుకు ఒక క్లిప్పు ఉంది. దాని స్క్రూ దగ్గరికి బావ చెయ్యి దూరదు. పాతది విప్పినప్పుడు నన్నే పిలిచారు. నేను పాతికేళ్లు మగ్గాలకు నూలు కండెలు చుట్టినదాన్ని. నా వేళ్లు సన్నం. "ఈ చెయ్యి పట్టని సందు లేదు" అని మురిసిపోయారు.

గురువారం సాయంత్రం ఫోన్ చేశారు. "మరదలా, అంతా అయింది. ఆ ఒక్క క్లిప్పే ఉన్నది. రేపు ఒక్క అరగంట రా. శనివారం మీ అక్కను వెచ్చగ తీస్కపోత."

"రేపు ఉపవాస ప్రార్థన బావా. ఆదివారం ఆరాధన కాంగనే వస్త."

"ఆదివారమా..." అన్నారు. "సరే తియ్. దేవుని దగ్గరికి పోతున్నవు గద, మీ అక్క పేరు గూడ చెప్పు."

చెప్పాను. మోకాళ్ల మీద ఉండి అక్క పేరే చెప్పాను. బావ పేరు చెప్పాలని తోచలేదు. ఆయనకేమవుతుందిలే అనుకున్నాను.

పెట్టెలో పడుకోబెట్టాక ఆయన కుడిచెయ్యి చూశాను. వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది, అన్నీ పచ్చి గీతలే. పట్టని సందులో ఆ చెయ్యి ఎన్నిసార్లు దూర్చారో. నేను వెళ్లి ఉంటే ఆయన పక్కన కూర్చుని స్క్రూ ఎటు తిప్పాలో చెప్పేవారు, అంతే. అక్కడ ఇంకో మనిషి ఉండేది. పాస్టరుగారు దేవుని చిత్తం అన్నారు. ఆమెన్ అన్నాను. యాభై ఏళ్లలో ఆ మాట అంత బరువుగా ఎప్పుడూ లేదు.

భూస్థాపన శనివారం పొద్దున. డయాలసిస్ శనివారం మధ్యాహ్నం. అది మానడానికి లేదు. చేతులకు మట్టితోనే అక్కను ఆటో ఎక్కించాను. తిరిగి వస్తూ అక్క వణికింది. రెండు దుప్పట్లు కప్పి గట్టిగా పట్టుకున్నాను. అది చలి వణుకో ఏడుపు వణుకో నాకు తెలియలేదు. అక్క ఒక్కటే అడిగింది, "అరగంట పనంటివి గదనే?" నిందించలేదు. ఊరకే అడిగింది. నేనే ఆ మాట ఆమెతో అన్నాను, గురువారం బావ ఫోన్ ఆమెకిచ్చినప్పుడు: అరగంట పనే గద, ఆదివారం చేస్త అని.

ఆదివారం ఆరాధన కాగానే వెళ్లాను, వస్తానన్నట్టే. కారు తలుపు తీస్తే వెనక సీటు మీద ఇడ్లీ పళ్లెం, దాని పక్కన పిడి సగానికి కోసిన పొట్టి స్క్రూడ్రైవర్. నా వేళ్లు జారకుండా ఆ పిడికి మగ్గం నూలు దగ్గరదగ్గరగా చుట్టి, చివర నేతపని ముడి వేశారు. నూలు తెల్లగా ఉండాల్సింది. గ్రీజుతో, అక్కడక్కడ ఎర్రటి మరకలతో ఉంది.

చెయ్యి లోపలికి దూర్చాను. క్లిప్పు తగిలింది. నాలుగు చుట్లు. బిగిసిపోయింది. అరగంట కూడా పట్టలేదు.

వాళ్ల గల్లీలో, పక్కనున్న పూర్ణ ఊరి గోదాములకు టెంపో నడిపే ఆయన ఒకరున్నారు. నీళ్లు పోసి ఇంజన్ ఆన్ చేశారు. కాసేపటికి వేడిగాలి వచ్చింది. కాని ఆయనకు సెలవు ఆదివారమే. అక్కకు, నాకు కారు నడపడం రాదు. మంగళ, గురు, శనివారాలు మేం ఆటోలోనే పోతున్నాం. దుప్పట్లు మూడయ్యాయి.

ఆదివారం మాత్రం బ్యాటరీ దిగిపోకుండా ఆయన వచ్చి కారు స్టార్ట్ చేస్తారు. కారు గల్లీ దాటదు. డ్యాష్‌బోర్డు ఇంకా విప్పే ఉంది. ఏ గుంటలోని స్క్రూ ఎక్కడిదో మాకు తెలియదు. పళ్లెం కదపనివ్వదు అక్క. తను ముందు సీటులో కూర్చుని, తలుపు వేసుకుని, బొబ్బ మానిన ఆ పాదాన్ని గాలి వచ్చే దగ్గర పెడుతుంది. నుదుటి మీద చెమట కారుతున్నా తియ్యదు, మంగళవారానికి దాచుకుంటున్నట్టు. నేను వంగి, నీళ్లు కారాయేమోనని ఆమె కాళ్ల కింది చాపను అరచేత్తో తడిమి చూస్తాను. ప్రతి ఆదివారం చూస్తాను. పొడిగానే ఉంటుంది.