తాత గని టోకెన్

మా తాత పోయి ఈ రోజుకు పదకొండో రోజు. పుట్టింది, బతికింది, పోయింది అంతా ఈ బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలోనే. ఆయన గనిలో వాడిన ఇత్తడి టోకెన్ గుర్తుగా నాకు కావాలన్నాను. అవ్వ ఇవ్వలేదు. దాన్ని పిడికిట్లో పట్టుకుని మూతపడిన గని గేటు దాకా నడిచింది. వెనకాలే నేనూ వెళ్లాను.

గనిలోకి దిగేటప్పుడు తీసుకున్న టోకెన్ పైకొచ్చాక తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. గని మూసిన రోజు తాత దాన్ని ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాడు.

వాచ్‌మన్ గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"ఆఫీసే లేదు కదవ్వా, యాడ ఇస్తావు? ఎండగా ఉండాది, ఇంటికి పో."

"నువ్వుండావు కదప్పా, తీసుకో. మా ఆయన పైకి వచ్చేసినాడు."

"నాకు ఆర్డర్ లేదవ్వా."

"ఆ మనిషిని లోపలే విడిచిపెట్టి నేను ఇంటికి పోయేది లేదు."

అవ్వ చాచిన చెయ్యి దించలేదు. అతను తీసుకోకూడదని నేను మనసులో మొక్కుకుంటున్నాను. చివరికి అతను రెండు చేతులూ పట్టి అందుకున్నాడు.

"సరేలే అవ్వా, వచ్చేసినాడు."

తాత పోయాక అవ్వ మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

రేపు వెళ్లి ఆ టోకెన్ అడిగి తెచ్చుకుంటే తాతను మళ్లీ గనిలోకి దించినట్టవుతుందా? ఇంత చదువు చదివీ తేల్చుకోలేకపోతున్నాను. మీరైతే ఏం చేస్తారు?