ప్రముఖుల జాబితాలో ఒక పేరు

మా కాలేజీకి యూనివర్సిటీ హోదా వచ్చాక, ఇక్కడ చదివి పైకొచ్చినవాళ్ళు, పాఠాలు చెప్పినవాళ్ళు, ప్రిన్సిపాల్స్‌గా చేసిన ఫాదర్లు, అందరి ఫొటోలతో ఒక పుస్తకం వేయాలని వైస్ చాన్సలర్ ఫాదర్ అనుకున్నారు. ఇక్కడే చదివి, ఇక్కడే లెక్కలు చెబుతున్నవాణ్ణి కనుక కమిటీలో నన్నూ వేశారు. మొదటి సమావేశంలో జాబితా చేతికొచ్చింది. మూడో పేజీలో అతని ఫొటో. తెల్ల చొక్కా, నవ్వు మొహం, కింద ‘మాజీ శాసనసభ్యులు’ అని. జాబితా బోర్లించి పెట్టాను.

అతను నాకంటే ఏడాది సీనియర్. హనుమాన్ జంక్షన్ అవతల బాగా పొలాలున్న ఇల్లు. నాది పామర్రు దగ్గర పల్లె. మా అమ్మ ఊడ్పులకు వెళ్ళేది. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా యూనియన్ ఎన్నికల్లో నా రూమ్మేట్ అతన్ని ఓడించాడు. రూమ్మేట్ది కూచిపూడి పక్క ఊరు. మనిషి పీలగా ఉండేవాడు కానీ మాట గట్టిది.

ఫలితం చెప్పిన మధ్యాహ్నం హాస్టల్ మెస్సులో అన్నం తింటున్నాం. అతనూ, అతని మనుషులు అయిదుగురూ తలుపులు తన్నుకుంటూ లోపలికి వచ్చారు. సైకిల్ చైన్లు, హాకీ కర్రలు. కంచాలు ఎగిరిపడ్డాయి. నేను బల్ల కింద దూరాను. మొదటి చైను దెబ్బకి నా రూమ్మేట్ చొక్కాతో పాటు వీపు మీద చర్మం లేచొచ్చింది. రెండోది చెవి మీద పడింది. వాడు కిందపడ్డాక కూడా ఆపలేదు. నేల మీద మెతుకులు ఎర్రగా తడిశాయి.

“ఆపండ్రా! పిల్లాడు చచ్చిపోతాడు!” అంటూ వార్డెన్ ఫాదర్ పరిగెత్తుకొచ్చారు. మంగళూరు మనిషి, యాభై దాటినవారు. వాడి మీద బోర్లా పడి తన ఒంటితో కప్పేశారు.

“తప్పుకోండి ఫాదర్” అన్నాడతను.

“తప్పుకోను. కొట్టుకో.”

అతను కొట్టాడు. ఫాదర్ తలెత్తిన క్షణంలోనే హాకీ కర్ర ఎడమ కంటి మీద పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మళ్ళీ కర్ర ఎత్తుతూ అతను బల్ల కిందకి చూశాడు. నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను.

ఆస్పత్రిలో ఎస్సై అడిగాడు. ఫాదర్ అతని పేరు చెప్పారు కానీ, ఆ వేళ అతను తన సొంతూళ్ళోనే ఉన్నాడని పదిమంది సాక్ష్యానికి వచ్చారు. నా రూమ్మేట్‌కి ఇంకా స్పృహ రాలేదు. ఎస్సై నా వైపు తిరిగాడు.

“నువ్వక్కడే ఉన్నావుగా. ఎవర్రా కొట్టింది?”

“నేను చూళ్ళేదండీ” అన్నాను.

పక్క మంచం మీద ఫాదర్ విన్నారు. ఎస్సై వెళ్ళాక, “నేను వాణ్ణి క్షమించాను బాబూ. అయినా నువ్వు చూసింది చెప్పాల్సింది” అన్నారు. ఆ కన్ను పోయింది. నా రూమ్మేట్‌కి ఒక చెవి పోయింది. మెస్సులో ఉన్నవాళ్ళు ఇంకెవరూ నోరు విప్పలేదు, ఆ పదిమంది సాక్ష్యంతో కేసు కొట్టేశారు. అతను పరీక్షలు రాసి పాసై వెళ్ళాడు.

ఇదంతా కమిటీలో చెప్పాను. పక్కన లైబ్రేరియన్ మేడం రాయడం ఆపేశారు.

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?” అన్నారు వైస్ చాన్సలర్.

“భయమండీ.”

ఆయన ఆ పేరు కొట్టేశారు. ఎప్పుడో పోయిన వార్డెన్ ఫాదర్ పేరు అధ్యాపకుల పేజీలో రాశారు.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. “మాస్టారూ, బాగున్నారా? బల్ల కింద మిమ్మల్ని చూశానండీ ఆరోజు. ఇన్నాళ్ళూ మర్యాదగానే ఉన్నారు కదా, ఇప్పుడెందుకండీ ఇదంతా?”

మూడోనాడు పొద్దున్న రైవస్ కాలువ పక్కన నా స్కూటర్‌ని ఇద్దరు మనుషులున్న బైకు గుద్దింది. లేవబోతుంటే ముంజేతి మీద ఇనప రాడ్ పడింది. ఎముక విరగడం తెలిసింది. ఇద్దరూ పక్కటెముకల మీద తన్నారు. నోట్లో రెండు పళ్ళు ఊడి నాలిక కింద తిరుగుతున్నాయి. బళ్ళు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. రాడ్ నా తల మీదకి లేచింది. అప్పుడు పక్కన బజ్జీల బండి ఆవిడ మూకుడులోంచి మరిగే నూనె గరిటెతో తోడి వాడి కాళ్ళ మీద పోసింది. వాడి కేక కాలువ అవతలికి వినపడి ఉంటుంది.

కాలిన కాలితో ఆస్పత్రికి వెళ్ళి వాడు దొరికిపోయాడు. పంపిందెవరో చెప్పాడు.

“మీరు మాత్రం పేరు చెప్పకండీ, పిల్లలున్నారు” అని మా ఆవిడ ఏడ్చింది. ఫిర్యాదులో రెండు సంగతులూ చెప్పాను, పాతదీ కొత్తదీ. రాసుకునే పోలీసాయన పాతది దేనికండీ అన్నాడు. రాయమన్నాను. అతన్ని అరెస్టు చేశారు. వారంలో బెయిలు మీద బయటికొచ్చాడు, మెడలో దండలతో. కేసు ఇంకా నడుస్తోంది. నా కుడిచేతి వేళ్ళు సరిగా ముడుచుకోవు. బోర్డు మీద ఎడమ చేత్తో రాస్తున్నాను, పిల్లలు ఓర్చుకుంటున్నారు.

మొన్న వాయిదాకి బజ్జీల ఆవిడ బండి మూసేసి వచ్చింది. అవతలి లాయరు, “ఆ గందరగోళంలో నువ్వు సరిగ్గా చూశావా?” అని గద్దించాడు.

“కళ్ళెదురుగా మనిషిని చంపేత్తంటే చూడకుండా ఎట్టా ఉంటానండీ?” అంది.

ఆ మాటకి కోర్టు హాల్లో నేను తలెత్తలేకపోయాను.