ఖరిదాలో అరువు ఫ్రిజ్జు

మా ఆయన రైల్వే వర్క్‌షాపు ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఆయన బదులు నాకు వెల్ఫేర్ సెక్షన్‌లో ప్యూన్ పని ఇచ్చారు. సంతకం పెట్టడం, బోర్డు మీద పేరు కూడబలుక్కోవడం, అంతవరకే నా చదువు. కానీ ఖరగ్‌పూర్‌లో ఏ లైనులో ఎవరి ఇల్లుందో నాకు తెలుసు. అందుకని ఇన్‌స్పెక్టరు దాస్ బాబు ఎక్కడికెళ్లినా నన్ను వెంటబెట్టుకునేవాడు. ఇది నేను రిటైరయ్యే ముందటేడు, వానాకాలం మాట.

వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరంటే దొంగల్ని పట్టేవాడు కాదు. పింఛను, క్వార్టర్సు, ఇలా స్టాఫు కష్టసుఖాలు చూసేవాడు. పన్నెండో క్లాసు పాసై కాలేజీలో చేరే స్టాఫు పిల్లలకు ఒక ఫండు నుంచి సాయం వచ్చేది. దరఖాస్తు సరిగ్గా ఉంటే చాలదు. ఆయన ఇంటికెళ్లి కళ్లారా చూసి, అవసరం ఉందని రాయాలి. ముందురోజు నేను వెళ్లి కబురు చెప్పి రావాలి. అదీ పద్ధతి.

మా తెలుగువాళ్లుండే ఖరిదా పేటలో రాములమ్మ కూతురు జ్యోతికి నర్సింగ్ సీటొచ్చింది. తండ్రి లేడు, ఫ్యామిలీ పింఛనుతో నడిచే ఇల్లు. సాయం రాకపోతే సీటు వదులుకోవాల్సిందే. "రేపు బాబు మీ ఇంటికొస్తాడే" అని చెప్పి వచ్చాను. అంతే చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం దాస్ బాబూ నేనూ టోటో రిక్షాలో వెళ్లాం. గడపలో అడుగుపెట్టి, ఇల్లు తప్పానేమో అనుకున్నాను. సోఫా! గోడంత టీవీ! పూల గుడ్డ కప్పిన ఫ్రిజ్జు! మావాళ్ల అలవాటే అది. పై మనిషి ఒక ఇంటికి వస్తున్నాడంటే అది లైనంతటి పరువు. పెళ్లిచూపులైనా అంతే, నాలుగిళ్ల సామాను ఒకింట్లో చేరుతుంది. వర్క్‌షాపులో ఇనుము మోసే ఖలాసీలకు ఫ్రిజ్జొక బరువా?

దాస్ బాబు బెంగాలీ అయినా మా మధ్యే పుట్టి పెరిగినవాడు, మా తెలుగు బాగా వచ్చు. సోఫాలో కూర్చుని నాలుగు వైపులా చూశాడు.

"బాగుందమ్మా ఇల్లు. మా ఇంట్లో ఇంత టీవీ లేదు."

"అంతా మీ దయ బాబూ" అంది రాములమ్మ, మురిసిపోతూ.

నేను ఆమెను గిల్లాను.

"ఏటే, ఎందుకలా గిల్లుతావు?" అని పైకే అరిచింది.

దాస్ బాబు పెన్ను తీశాడు. జ్యోతి మొహం పాలిపోయింది. ఇంత సామాను చూస్తే సాయం రాదని ఆ పిల్లకు అర్థమైంది, తల్లికి కాలేదు. అరువు సామానని నేను చెబితే, మావాళ్లు కదా, వెనకేసుకొస్తున్నాననుకుంటాడు. ఏం చెయ్యాలో తోచలేదు.

అప్పుడే పెరటి తలుపు తోసుకుని పక్కింటి సింహాచలం వచ్చాడు. ఫిట్టరు. డ్యూటీ దిగి, గంఛా తువ్వాలు భుజాన వేసుకుని, ఆకలి మీద ఉన్నాడు. మమ్మల్ని చూడనేలేదు. తిన్నగా వెళ్లి ఫ్రిజ్జు తీసి గిన్నె పట్టుకున్నాడు.

"వదినా, మా సేపల పులుసు పట్టుకెళ్తన్నాను. నిన్న ఫ్రిజ్జుతో పాటు ఇదీ ఇక్కడికే వచ్చీసినాది!"

వెనక్కి తిరిగి బాబును చూసి, గిన్నెతోనే నమస్కారం పెట్టాడు.

"ఈయనెవరమ్మా?" అన్నాడు దాస్ బాబు.

సింహాచలమే చెప్పాడు. "నాను ఈ ఫ్రిజ్జు తాలూకా బాబూ!"

కిటికీ దగ్గర నక్కిన ఆడవాళ్లందరూ ఒక్కసారి ఘొల్లున నవ్వారు. ఇంక దాపరికమేముంది? "సోఫా మాది బాబూ, మరక సెయ్యకండి" అందొకామె. "టీవీ మలంచాలో ఉన్న మా అల్లుడుగారిది, సాయంత్రానికి ఇచ్చీయాల" అంది ఇంకొకామె.

"మరి మీదేది?" అన్నాడు దాస్ బాబు, నవ్వు ఆపుకుంటూ.

"నేను కూర్చున్న పీట మాది సార్" అంది జ్యోతి. "డ్రెస్సు పిన్నిది."

దాస్ బాబు ఎవరి సామాను ఎవరిదో వరసగా రాసుకున్నాడు. అవసరం ఉందని రాసి కింద సంతకం పెట్టాడు. పులుసు రుచి చూస్తేగానీ సింహాచలం కదలనివ్వలేదు. సాయం మంజూరైంది, జ్యోతి నర్సింగ్‌లో చేరింది. ఫ్రిజ్జు ఆ సాయంత్రమే ఇల్లు చేరింది.

మావాళ్లింటికి ముందు చెప్పి వెళితే అవసరం కనబడదు, పరువు కనబడుతుంది. ఆ తర్వాత దాస్ బాబు ముందురోజు కబురు మానేశాడు. అలాగని ఆడవాళ్లున్న ఇంట్లోకి చెప్పకుండా జొరబడకూడదు కదా. గుమ్మం బయట ఆగి గట్టిగా దగ్గి, ఆ తర్వాతే లోపలికి వెళ్లాలి. రిటైరయ్యేదాకా ఆ దగ్గడం నా డ్యూటీ.