చొక్కా జేబుకు జాకెట్ హుక్కు

సూరత్‌లో ఒకసారి, పర్వత్ పాటియా దగ్గర బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంది. తెలుగులో ఫోన్ మాట్లాడి, దాన్ని జేబులో వేసి, జేబు అంచుకు కుట్టిన జాకెట్ హుక్కు పెట్టుకుంది. కాళ్ల దగ్గరి చీరల మూట సర్దడానికి ఎంత వంగినా ఫోన్ జారలేదు.

“హుక్కు భలే కుట్టారే,” అన్నాను.

“నేనేడ కుట్టిన? మా ఆయననే కుట్టిండు. వంగినప్పుడల్లా ఫోను పడుతున్నదని, నా పాత జాకెట్‌ది పీకి పెట్టిండు. అంగి గూడ ఆయనదే.”

నాకెక్కడో చురుక్కుమంది. మావారు కొనిచ్చిన ఖరీదైన తోలు బ్యాగును ఆమెకు కనపడేలా ఒళ్లో ముందుకు జరుపుకున్నాను. ఆమె చూడనే లేదు.

ఆ సాయంత్రం నేనెందుకు ముభావంగా ఉన్నానో మావారికి ఇప్పటికీ తెలియదు.