అమ్మ పోసిన ఫినాయిలు

ఫినాయిలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ కాకినాడ సముద్రమే గుర్తొస్తుంది. మా అమ్మ శుభ్రం గురించి పిఠాపురంలో మా వీధంతటికీ తెలుసు. చుట్టాలొస్తే కాళ్లు కడుక్కోకుండా గడప దాటనిచ్చేది కాదు. కడుక్కున్నాక మడమలు కూడా చూసేది. అలాంటావిడ నా ఓడ చూడ్డానికొస్తానంటే నేను ముందే జాగ్రత్తపడాల్సింది. సంతోషంలో ఆ ఆలోచనే రాలేదు.

సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేను సరుకుల ఓడలో ఫోర్త్ ఇంజినీరుని, అంటే ఇంజినీర్లందరిలో చిన్నవాణ్ణి. అబ్బాయే ఓడ నడుపుతాడని అమ్మ ఊళ్లో చెప్పుకునేది గానీ, నా వంతుకొచ్చింది ఓడలోని మరుగుదొడ్ల నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు. బియ్యం ఎత్తుకోవడానికి మా ఓడ కాకినాడ వచ్చి, రేవుకి దూరంగా లంగరేసుకుంది. బస్తాలు బార్జీల మీద వస్తున్నాయి. దేశాలన్నీ తిరిగి సొంతూరి పక్కన ఆగడమంటే లాటరీ తగిలినట్టే. చీఫ్ ఇంజినీరు గారు రెండు రోజులు ఇంటికెళ్లి రమ్మన్నారు.

నేను బయల్దేరే ముందు రోజు అమ్మ లాంచీలో వచ్చింది. ఒక చేతిలో గారెల డబ్బా, ఇంకో చేతి సంచిలో ఫినాయిలు సీసాలు, బ్లీచింగ్ పౌడరు.

"మగాళ్లుండే చోటు ఎలా ఉంటుందో నాకు తెలీదా ఏంటి?" అంది.

నేను ఇంజన్ రూములో ఉండగా నా బాత్రూము కడిగేసింది. అక్కడితో ఆగిందా? ఆ వరసలో గదులన్నీ తలుపు కొట్టి మరీ కడిగింది. కాదనే ధైర్యం ఒక్క ఆఫీసరుకీ లేకపోయింది. సాయంత్రం లాంచీ ఎక్కుతూ, "రేపు పనసపొట్టు కూర చేస్తాను, పెందలాడే వచ్చెయ్యి" అంది.

మర్నాడు పొద్దున్న ప్లాంటు మూత తీస్తే ఒకటే కంపు. గాలి అందిస్తూ నెలల తరబడి పెంచిన బ్యాక్టీరియా చచ్చిపోయింది. మురికిని తినేది అదే, ఫినాయిలు దానికి విషం. మళ్లీ బ్యాక్టీరియా పొడి వేసి పెంచాలంటే రోజులు పడతాయి, మనిషి దగ్గరుండాలి. సెకండ్ ఇంజినీరు నా మొహం చూసి జాలిపడ్డాడు.

"నేరుగా సముద్రంలోకి వదిలెయ్. రెండ్రోజులేగా, ఎవరు చూస్తారు? ఇంటికెళ్లిరా" అన్నాడు.

ఇక్కడికొచ్చే ముందు, ఖాళీ ఓడ నిలకడగా ఉండాలని పరాయి రేవులో ట్యాంకుల నిండా నీళ్లు పట్టాం. అందులోని పురుగూ పుట్రా మన తీరానికి చేరకూడదని నడిసముద్రంలోనే ఆ నీళ్లు మార్చుకొచ్చాం. అంత చేసి ఇక్కడ మా మురికి మేమే వదలడమా? అయినా నా చెయ్యి మురుగుని సముద్రంలోకి వదిలే వాల్వు మీదే ఉంది. ఇల్లు అంత దగ్గర్లో ఉంటే మనసు మాట వినదు. కాస్త ఆలస్యమవుతుందని చెబుదామని అమ్మకి ఫోన్ చేశాను. ఎందుకని అడిగితే చెప్పక తప్పలేదు.

"పాలల్లో తోడు వేస్తే పెరుగయినట్టే అమ్మా ఇదీ. ఆ తోడులో ఫినాయిలు పడింది."



"అంటే నేనే పోశాను" అంది. తర్వాత, "ఇప్పుడా నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"సముద్రంలోకే."

"ఉప్పాడవాళ్లు వలలేసేది అక్కడేగా నాన్నా?"

అవునన్నాను.

"అయితే రాకు. ముందది బాగుచేసుకో" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

మురుగుని ఓ ఖాళీ ట్యాంకులోకి మళ్లించి ప్లాంటు దగ్గరే కూర్చున్నాను. నీళ్లు తేటపడేసరికి ఓడ నిండా బియ్యం. బయల్దేరేటప్పుడు ఇంజన్ రూములో నా డ్యూటీ, తీరం కూడా కనబడలేదు. రమ్మని అమ్మ ఒక్క మాట అనుంటే వాల్వు తెరిచేసేవాణ్ణే. ఆ రోజంతా అమ్మ మీద ఎంత గర్వంగా ఉందో అంత కోపంగానూ ఉంది.